రెండవ వరుసలోని నటుడు: గొల్లపూడి మారుతీరావు

నాటకానికి నాయకుడు ఉండవలసిందే. కాని నాయకుడొక్కడే ఉన్న చోట నాటకం లేదు. అతనికి అడ్డుచెప్పే తండ్రి, అప్పిచ్చి వేధించే షావుకారు, మంచి చేయబోయి చెడు చేసే మేనమామ, గోడచాటున చెవియొగ్గి వినే పొరుగింటి పెద్దమనిషి, వీరందరూ కలిసినప్పుడు గాని నాయకుని చుట్టూ ఒక ఊరు ఏర్పడదు. ఊరు లేని నాయకుడు పటంలోని బొమ్మ వంటివాడు. ఆ ఊరిని తెర మీద నిర్మించి చూపే వారిని మన చిత్రసీమ క్యారెక్టర్ నటులంటున్నది. సంస్కృతపు సొంపు మీద మక్కువ కలవారు గుణచిత్ర నటులన్నారు. పేరు ఏదైనా వారి స్థానం మాత్రం రెండవ వరుస. గోడపత్రికలో వారి బొమ్మ చిన్నది. చిత్రశాల ముందు వారి కోసం పూలదండలు వేలాడవు. అయినా ఇంటికి వచ్చిన ప్రేక్షకుడు భోజనాల వేళ అనుకరించి నవ్వించేది తరచుగా వారి మాటలనే.

రెండవ వరుస అన్నంత మాత్రాన రెండవ తరగతి కాదు. అమెరికా దేశపు చలనచిత్ర అకాడెమీ వారు 1936 నాటి చిత్రాలతో సహాయ నటులకు ప్రత్యేక బహుమతిని ప్రారంభించినారు. ఆ తొలి బహుమతిని అందుకొన్నవాడు వాల్టర్ బ్రెనన్. ఆయనే 1938, 1940 సంవత్సరాల చిత్రాలకు కూడా అదే బహుమతిని గెలిచి, నటనకు మూడు అకాడెమీ బహుమతులు పొందిన మొదటి వ్యక్తి అయినాడు. నాయక పాత్రలు ధరించి కోట్లాది హృదయాలు దోచుకొన్న వారెవరికీ అప్పటికి ఆ గౌరవం దక్కలేదు. మన తెలుగు తెర మీదనూ ఇటువంటి విశేషాలకు కొరత లేదు. 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’ చిత్రంలో శ్రీకృష్ణదేవరాయలను తండ్రివలె మందలించి నడిపించిన వృద్ధ మంత్రి పాత్రధారి గుమ్మడి వెంకటేశ్వరరావు. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియైదు సంవత్సరాలు. రాయలుగా నటించిన నందమూరి తారకరామారావు ఆయనకంటె నాలుగేండ్లు పెద్ద! ప్రేక్షకులు ఆ సంగతి గుర్తించలేదు. గుర్తింపనీయకపోవడమే ఆ నటుని విద్య.

అటువంటి విద్య ఎక్కడ అబ్బుతుంది? దీనికి పాఠశాల ఏది? గురువెవరు? ఈ ప్రశ్నలకు సమాధానంగా నిలువదగిన జీవితాలలో శ్రీ గొల్లపూడి మారుతీరావు జీవితం ఒకటి. ఆయన చలనచిత్ర నటుడుగా తెర మీదికి వచ్చేనాటికి నలభై మూడేండ్లవారు. తరువాత ఆయన నటించిన చిత్రాలు రెండు వందల యాభైకి పైబడినవి. వచ్చినది ఆలస్యంగా అయినా రిక్తహస్తాలతో రాలేదు. ఆ నలభై ఏండ్లూ ఆయన ఏమి చేసినారో పరిశీలించినప్పుడు, నటన అనేది ముఖానికి రంగు పూసుకొన్ననాడు మొదలయ్యేది కాదని మనకు బోధపడుతుంది.

విజయనగరం నుంచి విశాఖకు

మారుతీరావు 1939 ఏప్రిల్ 14న విజయనగరంలో జన్మించినారు. తల్లి అన్నపూర్ణ, తండ్రి సుబ్బారావు. విజయనగరమంటే తెలుగు నాటకానికి పుట్టిల్లు వంటి పట్టణం. గురజాడ అప్పారావు రచించిన ‘కన్యాశుల్కం’ మొట్టమొదట ప్రదర్శింపబడినది 1892లో ఆ ఊరిలోనే. ఆ నాటకంలో నాయకుడెవరో తేల్చి చెప్పడం నేటికీ కష్టం. గిరీశం, రామప్పపంతులు, అగ్నిహోత్రావధానులు, లుబ్ధావధానులు, కరటకశాస్త్రి, మధురవాణి, ఇందులో ఎవరిని తీసినా నాటకం కుంటువడుతుంది. ఒక విధంగా అది క్యారెక్టర్ నటుల కోసమే పుట్టిన నాటకం. ఆ పట్టణపు రంగస్థలం నుంచే జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి సోదరులు వచ్చినారు. రమణమూర్తి గిరీశం పాత్రకు పెట్టింది పేరైనారు. ప్రభుత్వంలో రెవిన్యూ ఉద్యోగం చేసుకొంటూ నాటకాలాడిన సోమయాజులు యాభై ఏండ్లు దాటిన తరువాత, 1980లో, ‘శంకరాభరణం’ చిత్రంలో శంకరశాస్త్రిగా దేశమంతటికీ పరిచితులైనారు. ఎస్.వి. రంగారావు సైతం చిత్రసీమకు వెళ్ళకముందు అగ్నిమాపక శాఖ ఉద్యోగిగా ఈ విజయనగరంలో కొంతకాలం పనిచేసినవారే. ఉద్యోగం ఒక చేత, నాటకం ఒక చేత పట్టుకొని జీవించడం ఈ ప్రాంతపు కళాకారులకు కొత్త కాదు.

మారుతీరావు చదువు విశాఖపట్నంలో సాగినది. అప్పటి విశాఖ ఒక చిన్న పట్టణం మహానగరంగా మారబోయే సంధికాలంలో ఉన్నది. 1933 అక్టోబరులో ‘జలదుర్గ’ అనే ఓడ కొత్త రేవులోనికి ప్రవేశించినది. 1948 మార్చి 14న ఇక్కడి నౌకానిర్మాణ కేంద్రంలో తయారైన ‘జల ఉష’ను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ సముద్రంలోనికి జారవిడిచినారు. రేవు, రైలు, ఓడలు, విశ్వవిద్యాలయం కలిసి ఈ ఊరికి నలు దిక్కుల నుంచి మనుషులను తెచ్చినవి. ఒరియా కూలీ, బెంగాలీ గుమాస్తా, తమిళ అధికారి, జాలరి, కళింగ వర్తకుడు, అగ్రహారీకుడు ఒకే వీధిలో తటస్థపడే పట్టణం అది. మనుషులను చదువదలచిన బాలునికి ఇంతకంటె మంచి గ్రంథాలయం ఏమి కావాలి!

సి.బి.ఎం. ఉన్నత పాఠశాలలోను, ఎ.వి.ఎన్. కళాశాలలోను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను ఆయన విద్యాభ్యాసం జరిగినది. ఎ.వి.ఎన్. కళాశాల సామాన్యమైనది కాదు. శాస్త్రవేత్త సి.వి. రామన్ తండ్రి అక్కడ అధ్యాపకులు. రామన్ తొలి కళాశాల చదువు అక్కడనే. మహాకవి శ్రీశ్రీ కూడ ఆ కళాశాల విద్యార్థి. ఈ విద్యార్థి సైతం పట్టభద్రుడైనది సాహిత్యంలో కాదు, గణిత సంబంధమైన భౌతికశాస్త్రంలో. అయినా మనస్సు మాత్రం రంగస్థలం మీదనే ఉన్నది. పదునైదేండ్ల వయస్సులోనే, 1954 డిసెంబరులో, ‘ఆశాజీవి’ అనే ఆయన తొలి కథ ప్రొద్దుటూరు నుంచి వెలువడే ‘రేనాడు’ పత్రికలో అచ్చయినది.

ఆ రోజులలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో నాటకానికి గొప్ప ఆదరణ ఉండేది. రిజిస్ట్రారుగా పనిచేసిన శ్రీ కె.వి. గోపాలస్వామి నాటకం మీద ప్రాణం పెట్టుకొన్న పాలకులు. విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక నాటకశాలను నెలకొల్పి, కళాశాలల మధ్య నాటక పోటీలు నడిపి, విద్యార్థుల చేత కొత్త నాటకాలు ఆడించినారు. పరీక్షలు, హాజరు పట్టీలు, జీతాల బిల్లులు చూసుకొనవలసిన ఒక అధికారి నాటకం కూడ చదువులో భాగమేనని నమ్మినందువలన ఎందరో యువకులకు రంగస్థలం దొరికినది. మారుతీరావు వారిలో ఒకరు. విద్యార్థి దశలోనే ‘రాఘవ కళానికేతన్’ అనే నాటక సమాజాన్ని నడిపి నాటకాలకు దర్శకత్వం వహించినారు, ప్రధాన పాత్రలు ధరించినారు. ఆ సమాజం పేరు వినగానే మనకు బళ్ళారి రాఘవాచార్యులు గుర్తుకు వస్తారు. పద్యాన్ని రాగాలతో సాగదీయడం నటన కాదని, పాత్ర మనస్సు పలకడమే నటనయని చాటిన న్యాయవాది ఆయన. ఢిల్లీ నగరంలోని తాల్‌కటోరా తోటలో జరిగిన అంతర విశ్వవిద్యాలయ ఉత్సవంలో మారుతీరావు బృందం ‘మనస్తత్వాలు’ నాటకాన్ని ప్రదర్శించినది.

పత్రిక నేర్పిన పాఠం, రేడియో నేర్పిన పాఠం

చదువు ముగియగానే ఆయన సినిమాకు పరుగెత్తలేదు. 1959లో ‘ఆంధ్రప్రభ’ దినపత్రికలో ఉపసంపాదకుడుగా చేరి, 1960లో చిత్తూరు కూర్పు ప్రారంభమైనప్పుడు అక్కడ పనిచేసినారు. పత్రికా కార్యాలయం రచయితకు రెండు పాఠాలు నేర్పుతుంది. ఒకటి క్లుప్తత. రెండవది, ఏ సంఘటన వెనుకనైనా ఒక మనిషి ఉంటాడన్న ఎరుక. 1962లో చైనా సరిహద్దు దాటి వచ్చినప్పుడు ఆ దురాక్రమణను ఇతివృత్తంగా తీసుకొని ‘వందేమాతరం’ నాటకాన్ని రచించి, చిత్తూరు ప్రాంతపు ఊళ్ళలో ప్రదర్శించి, వచ్చిన సొమ్మును దేశ రక్షణ నిధికి అర్పించినారు. నాటకం వినోదం మాత్రమే కాదు, పౌరధర్మం కూడ అనే భావం ఆయనలో అప్పటికే నాటుకొన్నదని దీనివలన తెలుస్తున్నది.

అటుపిమ్మట ఆకాశవాణి. హైదరాబాదు కేంద్రంలో ప్రారంభించిన ఉద్యోగం విజయవాడ, ఒరిస్సాలోని సంబల్‌పూరు మొదలైన కేంద్రాల మీదుగా సాగి, సుమారు ఇరువది ఏండ్ల తరువాత కడప కేంద్రంలో సహాయ డైరెక్టరు పదవితో ముగిసినది. ఈ ఇరువది ఏండ్లూ మన విషయానికి ప్రాణం వంటివి.

భరతముని అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించినాడు. దేహపు కదలిక ఆంగికం. పలుకు వాచికం. వేషభూషలు ఆహార్యం. లోపలి భావం శరీరం మీదికి తనంత తానుగా పొంగి రావడం సాత్త్వికం. రేడియో నాటకంలో మొదటిదీ లేదు, మూడవదీ లేదు. శ్రోతకు నటుని కన్ను కనబడదు, చేయి కనబడదు, తలపాగా కనబడదు. వినబడేది గొంతు ఒక్కటే. ఆ గొంతుతోనే వయస్సు తెలియాలి, కులాసా తెలియాలి, అబద్ధం తెలియాలి. గది పెద్దదో చిన్నదో, ఎదుటివాడు దగ్గర ఉన్నాడో దూరాన ఉన్నాడో కూడ ఆ గొంతే చెప్పాలి. అందువలన రేడియో నాటక రచయిత తాను వ్రాసిన ప్రతి వాక్యాన్నీ ముందు తన చెవికి వినిపించుకొంటాడు. ఊపిరి ఎక్కడ తీయాలి, మాట ఎక్కడ విరవాలి, మౌనం ఎన్ని క్షణాలు ఉండాలి, ఇవన్నీ కలానికి అలవాటవుతవి. మారుతీరావు రచించిన ‘అనంతం’ ఉత్తమ రేడియో నాటకంగా పురస్కారం పొందినది. తరువాతి కాలంలో తెర మీద ఆయన ఒక వాక్యాన్ని తేనెలో ముంచి ప్రారంభించి చివరి మాటలో విషం చుక్క వేయగలిగినారంటే, ఆ నేర్పు మైకు ముందు కూర్చున్న సంవత్సరాలది అనుకోవడం సమంజసం.

కలంతో సినిమాకు వెళ్ళి, ముఖంతో నిలిచిపోవడం

చిత్రసీమ ఆయనను మొదట పిలిచినది రచయితగా. 1964లో ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో అన్నపూర్ణ సంస్థ నిర్మించిన ‘డాక్టర్ చక్రవర్తి’కి ఆయన చిత్రానువాదం సమకూర్చినారు. కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’ దానికి మూలం. రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏటి నుంచే ప్రారంభించిన నంది పురస్కారాలలో ఉత్తమ చిత్రంగా స్వర్ణ నంది గెలుచుకొన్నది ఆ చిత్రమే. తరువాత కె. విశ్వనాథ్ దర్శకుడుగా తీసిన మొదటి చిత్రం ‘ఆత్మగౌరవం’కు కూడ మారుతీరావు రచనలో పాలుపంచుకొన్నారు. అలా ఇరువది ఏండ్లకు దగ్గరగా ఆయన ఇతరుల నోట పలికించే మాటలు వ్రాస్తూ వచ్చినారు. తండ్రి ఎలా మాట్లాడుతాడు, మోసగాడు ఎలా మాట్లాడుతాడు, మోసపోయినవాడు ఎలా మాట్లాడుతాడు అని ఆలోచించడమే ఆయన వృత్తి అయినది.

1982 ఏప్రిల్‌లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ విడుదలైనది. నిర్మాత కె. రాఘవ. దర్శకుడు కోడి రామకృష్ణకు అదే మొదటి చిత్రం. నాయకుడు చిరంజీవి. అందులో సుబ్బారావు అనే కుటిలుని పాత్రను మారుతీరావు ధరించినారు. అంతకుముందు తెలుగు తెర మీద దుష్టుడంటే కనుబొమలు ముడివేసి, గొంతు పెంచి, వికటంగా నవ్వే మనిషి. ఈ సుబ్బారావు అటువంటివాడు కాడు. మన వీధిలో కనబడేవాడు. మర్యాదగా పలకరించేవాడు. నవ్వుతూ నవ్వుతూ ఇంట్లో చిచ్చు పెట్టి, ఏమీ ఎరుగనట్టు గడప దిగిపోయేవాడు. ప్రేక్షకుడు అతనిని చూసి భయపడలేదు, గుర్తుపట్టినాడు. భయపెట్టడం కంటె గుర్తుపట్టించడం కష్టతరమైన విద్య.

తరువాతి దశాబ్దంలో ఆయన ధరించిన పాత్రలను చూస్తే మధ్యతరగతి తెలుగు సమాజపు జనాభా పట్టిక చదివినట్లుంటుంది. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ప్లీడర్లు, పిసినారులు, రసికమ్మన్యులు, కోడలిని సాధించే మామలు, కూతురి పెండ్లికి కుమిలే తండ్రులు. వీరిలో 1987లో ఎ.వి.ఎం. సంస్థ నిర్మించిన ‘సంసారం ఒక చదరంగం’లోని అప్పలనరసయ్య ప్రత్యేకంగా చెప్పుకోదగినవాడు. తమిళంలో విసు రచించి, నటించి, దర్శకత్వం వహించిన ‘సంసారం అదు మిన్సారం’కు ఇది తెలుగు రూపం. అప్పలనరసయ్య అన్న పేరు విశాఖ ప్రాంతం వారికి సింహాచలం అప్పన్నను తలపించే ఇంటి పేరు వంటిది. కొడుకులు సంపాదిస్తున్నారు, ఇల్లు నిండుగా ఉన్నది, కాని డబ్బు లెక్కల దగ్గర తండ్రికీ పెద్దకొడుకుకూ మాట పెరుగుతుంది. చివరకు ఇంటి నడుమ గీత గీసుకొని అటొకరు, ఇటొకరు బ్రతుకవలసిన స్థితి వస్తుంది. అటువంటి తండ్రిని సాధువుగా చూపడం సులభం. మూర్ఖునిగా చూపడమూ సులభమే. మారుతీరావు చూపినది అభిమానంలో మొండితనాన్ని, మొండితనంలో దిగులును. ఆ తండ్రి చెప్పినది పూర్తిగా ఒప్పు కాదని తెలిసినా, అతని పక్షాన నిలబడాలనిపిస్తుంది. తమ తండ్రులను ఆ పాత్రలో చూసుకొన్న కొడుకులు ఆనాడు కొల్లలు.

ఆయనకు సుందరమైన రూపం గాని, మేఘగర్జన వంటి కంఠం గాని సహజంగా అమరినవి కావు. ఉన్నది స్పష్టమైన ఉచ్చారణ, వాక్యాన్ని అనుకోని చోట విరిచే నేర్పు, ఎదుటివాని మాట వింటున్నప్పుడు ముఖం మీద నిలిపే శ్రద్ధ. ఇందులో చివరిది నటనలో మిక్కిలి ముఖ్యమైనది. తన వంతు వచ్చేదాకా ఎదురుచూసేవాడు నటుడు కాడు. ఎదుటివాని వంతు జరుగుతున్నంతసేపూ పాత్రగా బ్రతికేవాడే నటుడు. రెండవ వరుసలో నిలబడినవాడు తెర మీద ఎక్కువసేపు చేసే పని వినడమే గదా!

నటనకు, రచనకు కలిపి ఆరు నంది పురస్కారాలు ఆయనకు లభించినవి.

చూపు వచ్చినవాని కథ

నటుడుగా తీరిక లేని ఆ కాలంలోనే రచయిత మారుతీరావు పేరు మరొక విధంగా వినవచ్చినది. ఆయన నాటిక ‘కళ్ళు’ 1988లో ఛాయాగ్రాహకుడు ఎం.వి. రఘు దర్శకత్వంలో చలనచిత్రమైనది. చూపులేని కొందరు బిచ్చగాళ్ళు ఒకరికొకరు ఆసరాగా బ్రతుకుతుంటారు. వారిలో ఒకనికి చూపు వస్తుంది. చూపు వచ్చినవాడు తక్కినవారికి దారి చూపవలసినది పోయి, వారి గ్రుడ్డితనాన్నే తనకు పెట్టుబడి చేసుకొంటాడు. చదువు అందినవాడు చదువులేనివాని పట్ల, అధికారం అందినవాడు అది లేనివాని పట్ల ఎలా ప్రవర్తిస్తాడన్న ప్రశ్న ఈ చిన్న కథలో ఇమిడి ఉన్నది. ఉపాధ్యాయులు తరగతిలో చర్చకు పెట్టదగిన ప్రశ్న ఇది. జ్ఞానం రావడంతో సంస్కారం కూడ వస్తుందా? రచయిత సమాధానం చెప్పలేదు. చూపు వచ్చినవాని కళ్ళను మాత్రం మనకు చూపినాడు.

ఉక్కు, కడలి

విశాఖ చరిత్రలో 1992 ఆగస్టు మరపురాని మాసం. 1966లో ఉక్కు కర్మాగారం కోసం జరిగిన ఆందోళనలో ప్రాణాలర్పించినవారి త్యాగం, 1971 జనవరిలో ఇందిరాగాంధి వేసిన పునాదిరాయి, ఆ తరువాత రెండు దశాబ్దాల నిరీక్షణ, ఇవన్నీ ఫలించి ఆ నెల 1వ తేదీన ప్రధాని పి.వి. నరసింహారావు విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినారు. నగరం ఒక పండుగ జరుపుకొన్నది.

సరిగా పదకొండు రోజుల తరువాత, ఆగస్టు 12న, అదే విశాఖ సముద్రతీరంలో ‘ప్రేమ పుస్తకం’ అనే చిత్రం షూటింగు జరుగుతున్నది. దర్శకుడు మారుతీరావు కుమారుడు గొల్లపూడి శ్రీనివాస్. యువకుడు. అదే అతని మొదటి చిత్రం. తరువాతి కాలంలో తమిళ చిత్రసీమలో అగ్రనటుడైన అజిత్ అందులో నాయకుడు. షూటింగు జరుగుతుండగా కెరటాలు శ్రీనివాస్‌ను పొట్టన పెట్టుకొన్నవి. తండ్రి బాల్యమంతా చూసిన సముద్రం అది. ఆయన చదువుకొన్న ఊరి ఒడ్డు అది.

ఆ చిత్రాన్ని తండ్రి మధ్యలో వదలలేదు. కొడుకు ప్రారంభించిన పనిని తన చేతులలోనికి తీసుకొని దర్శకత్వం నిర్వహించి పూర్తి చేసినారు. 1993లో ‘ప్రేమ పుస్తకం’ విడుదలైనది. అంతవరకు ఎన్నో చిత్రాలలో పుత్రశోకాన్ని, పితృశోకాన్ని అభినయించిన నటుడు, నిజంగా శోకం వచ్చిననాడు చేసినది కొడుకు మిగిల్చిన దృశ్యాలను వరుసగా కూర్చుకోవడం. భరతుడు చెప్పిన సాత్త్వికానికి వ్యాఖ్యానం ఇంతకంటె ఏమి వ్రాయగలం?

ఆయన అక్కడితో ఆగలేదు. శ్రీనివాస్ పేర ఒక స్మారక సంస్థను స్థాపించి, దేశంలోని ఏ భాషలోనైనా తన మొదటి చిత్రంతోనే ప్రతిభ చూపిన దర్శకునికి ఏటేటా ఆగస్టు 12న మద్రాసులో జాతీయ పురస్కారం ఇచ్చే ఏర్పాటు చేసినారు. ‘తారే జమీన్ పర్’ చిత్రంతో దర్శకుడైన ఆమీర్ ఖాన్ ఆ పురస్కారం అందుకొన్నవారిలో ఒకరు. చదువులో వెనుకబడినట్లు కనబడే ఒక పిల్లవానిని అర్థం చేసుకొన్న ఉపాధ్యాయుని కథ అది. రెండవ చిత్రం తీసే అదృష్టం లేకపోయిన కొడుకు పేర, మొదటి చిత్రం తీసిన ఇతరుల పిల్లలను ఆశీర్వదించడం ఆ తండ్రి ఎన్నుకొన్న మార్గం. సంతాపాన్ని సంస్థగా మార్చగలిగినవారు లోకంలో అరుదు.

కడవరకు కలం

వయస్సు పైబడిన తరువాత కూడ ఆయన చేతి నుంచి కలం జారలేదు. ‘జీవన కాలమ్’ పేర పత్రికలలో ఏండ్ల తరబడి శీర్షిక నడిపినారు. ‘సాయంకాలమైంది’ వంటి నవలలు, కథలు, నాటకాలు వ్రాసినారు. తెలుగు నాటకరంగాన్ని గురించి ఆయన వ్రాసిన వ్యాసాలు విశ్వవిద్యాలయ నాటక విద్యార్థులకు పాఠ్యగ్రంథమైనవి. తన జీవితకథకు ‘అమ్మ కడుపు చల్లగా’ అని పేరు పెట్టుకొన్నారు. తెలుగు తల్లులు, ముత్తైదువులు నోరారా దీవించే మాట అది. పెద్ద పేర్ల కోసం వెదకకుండా ఇంటి మాటను ఎన్నుకోవడంలోనే ఆయన స్వభావం తెలుస్తున్నది. 2015లో వచ్చిన ‘కంచె’ చిత్రంలో కూడ వృద్ధ పాత్రలో కనుపించినారు. 2019 డిసెంబరు 12న మద్రాసులో, ఎనభై ఏండ్ల వయస్సులో, ఆయన కన్నుమూసినారు.

ఈ జీవితాన్ని ఒకమారు వెనుదిరిగి చూసినప్పుడు మనకు తోచే విషయం ఒక్కటి. ఆయనను నటునిగా చేసినది ఒక అదృష్ట క్షణం కాదు. పదునైదవ ఏట కథ అచ్చువేసిన చిన్న పత్రిక, నాటకానికి చోటిచ్చిన విశ్వవిద్యాలయం, క్లుప్తత నేర్పిన దినపత్రిక, చెవికి పదును పెట్టిన రేడియో, ఇతరుల మాటలు వ్రాయించిన చిత్రసీమ, ఇన్ని మెట్లు ఎక్కిన తరువాత ఆ ముఖం తెర మీదికి వచ్చినది. ఈ మెట్లలో మొదటివి ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడే అమరినవి. అవి లేకపోయినచో పైవి ఉండేవా అన్నది ఆలోచింపవలసిన విషయం.

నేడు మన పాఠశాలలలో వార్షికోత్సవం నాడు రికార్డు పెట్టి చిందులు వేయించడం సర్వసాధారణమైనది. నెల రోజులు కూర్చుండబెట్టి ఒక నాటిక చెప్పించే ఓపిక, మార్కుల పరుగులో, ఉపాధ్యాయులకు గాని తల్లిదండ్రులకు గాని మిగలడం లేదు. దీనివలన పోతున్నది కాబోయే సినిమా నటులు కారు. నటులు ఏదో విధంగా పుట్టుకు వస్తూనే ఉంటారు. పోతున్నది తన మాట కాని మాటను తనదిగా పలికి చూసే అవకాశం. ఒక పిల్లవాడు పిసినారి షావుకారు పాత్ర ధరించి నాలుగు వాక్యాలు చెప్పవలెనంటే ఆ షావుకారు ఎందుకట్లా మాట్లాడుతాడని ఆలోచించి తీరాలి. ఒక బాలిక అత్తగారి పాత్ర ధరించినప్పుడు అత్తగారి పక్షం కూడ ఒకటి ఉన్నదని ఆమెకు మొదటిసారి తెలుస్తుంది. ఇతరుని లోపలికి వెళ్ళి చూడడం నేర్పే పాఠం మరే పుస్తకంలో ఉన్నది?

నాటిక చెప్పించే ప్రతి పాఠశాలలో నాయక పాత్ర ఒక్కరికే దక్కుతుంది. తక్కిన పదిమంది పొరుగువారు, తండ్రులు, గుమాస్తాలు, పోలీసులు. ఆ పదిమంది ముఖాలు చిన్నబోవడం సహజం. వారికి గొల్లపూడి మారుతీరావు కథ చెప్పండి. ఊరు లేని నాయకుడు లేడని చెప్పండి. చెప్పి, వారి నాలుగు వాక్యాలను నాయకుని నలభై వాక్యాలంత శ్రద్ధతో దిద్దండి. వారిలో ఒకరు నలభై ఏండ్ల తరువాత తెర మీదికి రావచ్చు, రాకపోవచ్చు. ఎదుటివాని మాట శ్రద్ధగా వినే మనిషి మాత్రం ఒకడు తప్పక తయారవుతాడు. రెండవ వరుసకు అంతకుమించిన గౌరవం అక్కరలేదు.